దవడ పన్నుకి లాంచ్ రివ్యూ

శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌లో ఉద్యోగం చేసి రిటైరైనవాళ్ళకి ఒక అలవాటు పోదు. ఇంట్లో కుళాయి మార్చాలన్నా రివ్యూ మీటింగు పెట్టాల్సిందే. సూళ్ళూరుపేటలో ఇల్లు కట్టుకున్న అలాంటి పెద్దాయన ఒకరు పులికాట్ పీత డెక్కని పంటితో పగలగొట్టబోయి, కింది దవడ పన్నునే పగలగొట్టుకున్నారు. పీకక తప్పలేదు. ఆ ఖాళీలో ఏం పెట్టాలన్న చర్చ మాత్రం నెలలు నడిచింది.

రాత్రిపూట గ్లాసులో నానేసే పన్ను వద్దని ఆయన ముందే కొట్టిపారేశారు. మిగిలినవి రెండు. బ్రిడ్జి అయితే ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్ళని చుట్టూ అరగదీసి, వాటికి తొడుగులు వేసి, మధ్యలో పెట్టుడు పన్నుని ఆ రెంటికీ కలిపేస్తారు. కొద్ది వారాల్లో పనైపోతుంది. ఇంప్లాంట్ అయితే దవడ ఎముకలో టైటానియం స్క్రూ దింపి, ఎముక దాన్ని పట్టుకునేదాకా మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు ఆగి, ఆపైన పన్ను బిగిస్తారు. ఖర్చు కూడా బాగా ఎక్కువ.

టైటానియం పేరు వినగానే పెద్దాయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. రాకెట్లలో గ్యాసు నింపే సీసాలకి వాడే లోహం మరి! కేరళలోని చవరలో 2011లో మొదలైన టైటానియం స్పాంజి ఫ్యాక్టరీ కథంతా డాక్టరుకి వినిపించారు. డబ్బు ఇస్రోది, పరిజ్ఞానం హైదరాబాదులోని రక్షణశాఖ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్‌ఎల్‌ది. "ఇంతమంది కష్టపడి తయారుచేస్తే నోట్లో పెట్టుకోకపోతే ఎట్టా?" అన్నారు.

"ఆ నోరు ఇప్పుడే ఆగడంలేదు. ఇంక రాకెట్టు సామాను కూడా బిగించుకుంటారా?" అన్నది ఆయన భార్య.

ఈ లోహం పళ్ళలోకి వచ్చిన తీరు తమాషాగా ఉంటుంది. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు ఎముకలో రక్తం ఎలా ప్రవహిస్తుందో చూడాలని కుందేలు కాలి ఎముకలో టైటానియం గొట్టం అమర్చాడు. పనయ్యాక తీసుకుందామంటే అది రాలేదు, ఎముక గట్టిగా పట్టేసింది. ఇంకొకరైతే ఖరీదైన పరికరం పోయిందని ఏడ్చి ఊరుకునేవారు. ఆయన దాన్నే పట్టుకుని, 1965లో యోస్టా లార్సన్ అనే మనిషి దవడలో స్క్రూలు దింపాడు. లార్సన్ 2006లో చనిపోయేదాకా అవి ఊడలేదు. అయినా తోటి దంతవైద్యులు చాలా ఏళ్ళు నమ్మలేదు. 1982లో టొరంటో సదస్సు తర్వాతే ప్రపంచం తలూపింది.

ఈ కథ విన్నాక ఆగడం పెద్దాయనకి లెక్కే కాలేదు. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 రాకెట్టు సముద్రంలో పడితే, విజయం కోసం 1980 జులై 18 దాకా ఆగిన సంస్థ మాది, ఆరు నెలలొక లెక్కా అన్నారు. దవడకి సిబిసిటి అనే త్రీడీ స్కాన్ తీయించారు. కింది దవడలోంచి పెదవికి స్పర్శనిచ్చే నరం పోతుంది. స్క్రూ దానికి తగలకూడదు. అందుకని ఎముక లోతు మిల్లీమీటర్లలో కొలవాలి. డాక్టరు కొలిచింది చాలక ఇంటికి తెచ్చి స్కేలుతో మళ్ళీ కొలిచారు. షుగరు అదుపులో ఉంది, సిగరెట్టు లేదు. భార్య ఊరి అమ్మవారు చెంగాళమ్మకి మొక్కుకుంది కూడా. లాంచ్‌కి ముందు ఇస్రో చైర్మన్లే ఆ గుడికి వెళ్తుంటే పన్నుకి మొక్కితే తప్పేముంది?

బ్రిడ్జి మీద ఆయన అభ్యంతరం ఒకటుంది, అది నిజం కూడా. నమిలే ఒత్తిడి అందక పెట్టుడు పన్ను కింద ఎముక మెల్లగా తరిగిపోతుంది. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకి పులికాట్ సరస్సులో కట్ట పోసి రోడ్డేశాక ఉత్తరం వైపు నీళ్ళు తగ్గాయని జాలర్లు చెప్పుకునే మాటలా ఉంటుంది ఆ సంగతి. ఇంప్లాంట్‌కీ తంటాలు లేకపోలేదు. దానికి పుచ్చు పట్టదు గానీ చుట్టూ చిగురు చెడితే స్క్రూ కదిలిపోతుంది. పదేళ్ళ లెక్కలు తీస్తే రెండూ నూటికి తొంభై దరిదాపుల్లోనే నిలుస్తున్నాయి. కాబట్టి లోహం గొప్పదనం కన్నా ముందు చూడాల్సింది పక్క పళ్ళని. అవి చెక్కుచెదరకుండా ఉంటే వాటిని అరగదీయడం అన్యాయం, ఇంప్లాంటే మేలు. అవే బాగా దెబ్బతిని ఉంటే తొడుగు ఎటూ తప్పదు.

పెద్దాయన ఇన్ని కొలతలు తీశారు గానీ, ఇరుగుపొరుగుని పట్టించుకోలేదు. ముందు పన్నుకి ఎప్పుడో రూట్ కెనాల్ అయింది, దాని తొడుగు అరిగిపోయింది. వెనక పన్నులో సగం సిమెంటే. డాక్టరు ఎక్స్‌రే మీద రెంటినీ చూపించి, "సార్, వీటికి ఎట్టాగూ తొడుగులు వెయ్యాలి. మధ్యలో ఇంకోటి కలిపేద్దాం" అన్నాడు. టైటానియం మిషన్ అక్కడే రద్దయింది.

బ్రిడ్జి పింగాణీ కింద కోబాల్ట్-క్రోమియం ఉంటుందని తెలిశాక, దానికి టెస్ట్ సర్టిఫికెట్ ఉందా అని అడిగారు పెద్దాయన. పళ్ళు చేసే ల్యాబు కుర్రాడు ఫోన్‌లో కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎవురికి సార్, పంటికా?" అన్నాడు.