డిస్‌ప్లే రావట్లేదా? ఫార్మాట్ కొట్టేద్దాం!

ఒకప్పుడు పల్లెటూరి ఆర్ఎంపీ డాక్టరు దగ్గర అన్ని జబ్బులకీ ఒకటే మందు ఉండేది. జ్వరమన్నా, నీరసమన్నా, కోడలితో పడటం లేదన్నా సరే, మంచం పక్కన కొక్కేనికి ఒక సెలైన్ బాటిల్ వేలాడేది. ఒంట్లోకి ఏదో ఎక్కుతున్నట్టు కళ్లకు కనబడేది కనక రోగికి నమ్మకం, బాటిల్‌కింత అని లెక్క కట్టడానికి వీలుగా ఉండేది కనక డాక్టరుకు ఆదాయం. ఆ సెలైన్ బాటిల్ ఇప్పుడు పెన్‌డ్రైవ్ అవతారమెత్తింది. కొత్తగా కొన్న డెస్క్‌టాప్ ఇంటికొస్తుంది. బటన్ నొక్కితే ఫ్యాన్లు గిర్రున తిరుగుతాయి, అద్దాల పెట్టెలో ఏడు రంగుల దీపాలు వినాయక చవితి పందిరిలా వెలుగుతాయి, మానిటర్ మీద మాత్రం ‘నో సిగ్నల్’ అనే రెండు ముక్కలు ఈ మూల నుంచి ఆ మూలకు ఈదుతుంటాయి. చూడటానికి వచ్చిన కుర్రాడు పెట్టె తలుపైనా తీయకుండా తీర్పు చెప్పేస్తాడు: “ఓఎస్ పోయిందండీ, ఫార్మాట్ కొట్టేద్దాం.” నిన్న ఉదయం సీలు విప్పిన కంప్యూటరులోంచి ఓఎస్ ఎక్కడికి పోయిందో, ఎవరితో పోయిందో అడిగేవాడు లేడు.

ఈ తీర్పులోని అందం తెలియాలంటే కంప్యూటరు నిద్రలేచే క్రమం ఒకసారి చూడాలి. బటన్ నొక్కగానే కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ తన వోల్టేజీలు సరిగా ఉన్నాయని బోర్డుకు కబురంపుతుంది. అప్పుడు ప్రాసెసర్ కళ్లు తెరిచి, బోర్డు మీదున్న చిన్న చిప్‌లోని బయాస్ అనే ప్రోగ్రామును చదవడం మొదలెడుతుంది. అది ర్యామ్ ఉందా అని తడుముతుంది, బొమ్మ చూపించే సాధనం ఏదని వెతుకుతుంది, కీబోర్డును పలకరిస్తుంది. ఇవన్నీ కుదిరాక, అన్నిటికన్నా చివర డిస్క్ దగ్గరికెళ్లి “విండోస్ గారూ, ఇక మీ వంతు” అంటుంది. ఈ స్వీయపరీక్షకు పోస్ట్ అని పేరు. 1981 ఆగస్టు 12న ఐబీఎం తన మొదటి పీసీని బయటపెట్టిన నాటికే ఇది ఉంది. అంతా బాగుంటే ఒక్క పొట్టి కూత కూసి ఊరుకునేది, తేడా వస్తే కూత మార్చేది. ఆ లెక్కన తెర మీద బోర్డు కంపెనీ బొమ్మ కూడా పడలేదంటే జరిగింది రెండిట్లో ఒకటి. వ్యవహారం డిస్క్ దాకా రానేలేదు. లేదా విండోస్ లోపల హాయిగా లేచి కూర్చుంది, మనకే కనబడట్లేదు. రెండు కేసుల్లోనూ విండోస్ నిరపరాధే. పందిట్లోకి ఇంకా అడుగుపెట్టని పెళ్లికొడుకు మీద మండపంలో గొడవ చేశాడని కేసు పెట్టినట్టుంది ఈ ఫార్మాట్ తీర్పు. పైగా అసలు తెరే వెలగని మిషన్‌కు ఏ తెర మీద చూస్తూ విండోస్ ఎక్కిస్తారన్నది మరో ధర్మసందేహం.

ఆ సందేహానికి శాస్త్రోక్తమైన జవాబుంది: పెట్టెను షాపుకు తీసుకెళ్తారు. అక్కడ తలుపు తీసి, వదులైన తీగ నొక్కి, ర్యామ్ మార్చి గుచ్చి, తెర వెలిగించి, ఆ తర్వాత తీరిగ్గా విండోస్ ఎక్కిస్తారు. బిల్లులో మాత్రం ‘ఓఎస్ ఇన్‌స్టలేషన్’ అని రాస్తారు. (ఆ ఎక్కించిన విండోస్ ఎక్కడిదని అడగడం మర్యాద కాదు.) బాగుచేసింది చూపుడువేలు, పేరొచ్చింది పెన్‌డ్రైవ్‌కు. ఇంటాయన బంధువులందరికీ చెబుతాడు: “ఏం లేదు, ఫార్మాట్ కొడితే సరిపోయింది.” ఒక మూఢనమ్మకం శాస్త్రంగా చలామణీ కావడానికి ఇంతకన్నా రాచబాట ఉండదు. పని చేసిన చర్య ఎవరి కంటా పడదు, పని చేయని చర్యకు రసీదు ఉంటుంది.

మరి కొత్త మిషన్‌లో నిజంగా జరిగేదేమిటి? చాలాసార్లు నవ్వొచ్చేంత చిన్నది. వేలకు వేలు పోసి గ్రాఫిక్స్ కార్డు కొని, మానిటర్ తీగను దానికి కాకుండా బోర్డు వెనక కనబడ్డ మొదటి కన్నానికి గుచ్చుతారు. ఇంటెల్ 2019 నుంచి పేరు చివర ఎఫ్ అక్షరం తగిలించి అమ్ముతున్న ప్రాసెసర్లలో, ఉదాహరణకు ఐ5-12400ఎఫ్‌లో, బొమ్మ చూపించే భాగమే పనిచేయదు; బోర్డు కన్నంలో తీగ గుచ్చి వెయ్యేళ్లు తపస్సు చేసినా తెర మీద చుక్క పడదు. ఇంకొన్నిచోట్ల బోర్డుకు వెళ్లే పెద్ద 24 పిన్నుల తీగ గుచ్చి, పైమూలన ప్రాసెసర్ కోసం విడిగా ఉండే ఎనిమిది పిన్నుల తీగను మరిచిపోతారు. అప్పుడు ఫ్యాన్లు తిరుగుతాయి, రంగులు వెలుగుతాయి, ప్రాసెసర్‌కు మాత్రం ఏకాదశి ఉపవాసం. నాలుగు కన్నాలున్న బోర్డులో ర్యామ్ రెండే ఉంటే, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో దాంట్లో, నాలుగో దాంట్లో పెట్టమని ఇప్పటి బోర్డుల పుస్తకాలు దాదాపు అన్నీ మొత్తుకుంటాయి. మనవాళ్లు సినిమా హాల్లో సీట్లలా పక్కపక్కన కూర్చోబెడతారు.

ఇంకో రకం ఉంది, అది అసలు జబ్బే కాదు. 2022 సెప్టెంబరులో ఏఎండీ రైజెన్ 7000 ప్రాసెసర్లు, వాటితోపాటు డీడీఆర్5 ర్యామ్ వాడే బోర్డులు వచ్చాయి. ఇవి మొదటిసారి లేచేటప్పుడు ప్రాసెసరూ ర్యామూ ఒకదాని వేగానికి ఒకటి అలవాటుపడటానికి కొంత కసరత్తు చేస్తాయి. ర్యామ్ ఎక్కువుంటే దానికి కొన్ని నిమిషాలు కూడా పట్టొచ్చు, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. ఆ నల్లతెర చూసి నలభై సెకన్లకే కంగారుపడి స్విచ్ ఆపుతారు. కసరత్తు మళ్లీ మొదటికొస్తుంది. మళ్లీ ఆన్, మళ్లీ కంగారు, మళ్లీ ఆఫ్. అన్నం ఉడికిందా లేదా అని నిమిషానికోసారి స్టవ్ ఆపి చూసే వంటవాడికి ఏ జన్మలో అన్నం ఉడుకుతుంది? ఇక బోర్డుకీ ప్రాసెసర్‌కీ వయసు తేడా వల్ల వచ్చే చిక్కు. 2018లో పుట్టిన బీ450 బోర్డుకు 2020 నవంబరులో వచ్చిన రైజెన్ 5000 ప్రాసెసర్ ఎవరో తెలియదు. కొత్త బయాస్ ఎక్కించి పరిచయం చేయాలి. గోడౌన్‌లో పాత బయాస్‌తో పడున్న బోర్డు అమ్మి, దాంట్లో కొత్త ప్రాసెసర్ పెట్టి, డిస్క్‌ను ఫార్మాట్ చేస్తే ఫలితమేమిటి? చాలా శుభ్రమైన డిస్క్ ఉన్న, లేవని కంప్యూటరు.

ఫార్మాట్‌కు ఒక తమ్ముడున్నాడు, పెన్సిల్ రబ్బరు. డిస్‌ప్లే రాకపోతే ర్యామ్ తీసి దాని బంగారు పళ్లను రబ్బరుతో పరపరా రుద్దాలన్నది మన దేశంలో ఏ సిలబస్‌లోనూ లేకుండానే అందరికీ వచ్చిన విద్య. “రుద్దితే పనిచేస్తోంది కదా” అంటారు. పనిచేస్తుంది, కాదనను. పాత మిషన్‌లో జిడ్డూ దుమ్మూ ఉంటే రుద్దుడుకు ఓ అర్థముంది కూడా. కానీ నిన్న ప్యాకెట్ విప్పిన ర్యామ్‌కు జిడ్డెక్కడిది? తుప్పు పట్టిందంటారా, ఆ పళ్లకు బంగారు పూత పూసిందే తుప్పు పట్టకుండా. రుద్దాలంటే ముందు ర్యామ్ ఊడదీయాలి, రుద్దాక మళ్లీ టక్కుమని గుచ్చాలి. మొదట సగమే దిగిన ర్యామ్ ఈసారి పూర్తిగా దిగింది, తెర వెలిగింది. తీసి పెట్టడం చేసిన మేలును రబ్బరు తన ఖాతాలో వేసుకుంది. రుద్దిన కొద్దీ పోయేది మాత్రం ఆ పలచని బంగారు పూతే.

“సాఫ్ట్‌వేర్ తప్పులు ఉండవా మరి?” అని ఫార్మాట్ పక్షం వారు లేస్తారు. ఎందుకుండవు? 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు లేవలేక నీలితెర దగ్గర కూలబడ్డాయి. ఆ రోజు హైదరాబాద్ నుంచి విమానమెక్కే ప్రయాణికుడి చేతికి చేత్తో రాసిన బోర్డింగ్ పాసు వచ్చింది. ఇంతకన్నా స్వచ్ఛమైన సాఫ్ట్‌వేర్ తప్పు చరిత్రలో దొరకడం కష్టం. దానికి మందేమిటి? సేఫ్ మోడ్‌లోకెళ్లి ఆ సంస్థ ఫోల్డరులోంచి 291 అంకె ఉన్న ఒక ఫైలు తీసేయడం. ఒక్క ఫైలు! అదే రోజు మన పెన్‌డ్రైవ్ వీరులకు అప్పగించి ఉంటే ఎలుకల మీద కోపంతో 85 లక్షల ఇళ్లు తగలబెట్టేవారు. అదే ఏడాది దీనికి సరిగ్గా తిరగబడ్డ కథ కూడా నడిచింది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లున్న మిషన్లలో ఆటలు మధ్యలో కూలిపోతూ, వీడియో మెమరీ చాలలేదని తెర మీద చెప్పేవి. జనం ఆటను తిట్టారు, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తిట్టారు, విండోస్ మళ్లీ మళ్లీ ఎక్కించారు. ప్రాసెసర్‌కు మోతాదు మించి వోల్టేజి వెళ్లడం వల్ల అది లోపల్లోపలే దెబ్బతింటోందని చివరికి కంపెనీయే ఒప్పుకుంది. ఆగస్టులో దిద్దుబాటు కోడ్ విడుదల చేసి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. దెబ్బతిన్న ప్రాసెసర్‌ను ఫార్మాట్‌తో బాగుచేసిన మహానుభావుడు ఇంకా పుట్టలేదు.

ఇంకో వాదన వినసొంపుగా ఉంటుంది: “కొత్త మిషనే కదండీ, లోపల పెళ్లి ఫోటోలా, ఆఫీసు లెక్కలా? కొట్టేస్తే పోయేదేముంది?” పోయేది గడువు. కొన్న వారం పది రోజుల్లో మార్చి ఇస్తామన్న హామీ ఉంటే, ఆ పది రోజులూ ఫార్మాట్ల మీద ఫార్మాట్లతో కరిగిపోతాయి. పదకొండో రోజు ‘బోర్డు పోయింది’ అనే రెండో తీర్పు వెలువడుతుంది. అప్పుడు తెలుస్తుంది అసెంబుల్డ్ మిషన్ మహత్యం. అమ్మేటప్పుడు అది ఒక కంప్యూటరు, చెడిపోయినప్పుడు ఎనిమిది పార్టులు. ప్రాసెసర్‌కు ఒక సర్వీస్ సెంటర్, ర్యామ్‌కు ఒకటి, ఎస్ఎంపీఎస్‌కు మరొకటి. ఎవరి వారంటీ వారిది, ఎవరి కౌంటర్ వారిది, ఏది చెడిందో కనుక్కునే పూచీ మాత్రం కొన్నవాడిది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 తయారుచేసినవాణ్నే కాదు, అమ్మినవాణ్ని కూడా అడగనిస్తుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు, అయిదు లక్షల లోపు సరుకైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. కానీ ఏ భాగం, ఏ దశలో ఆగిందో ఒక్క ముక్క రాసి ఉంటే కదా ఫిర్యాదు నిలబడేది! ‘నాలుగుసార్లు ఫార్మాట్ కొట్టించాను’ అన్నది సాక్ష్యం కాదు, విలాపం.

నేరమంతా కుర్రాడి నెత్తిన రుద్దితే అన్యాయం. మనం మానిటర్‌ను కంప్యూటరంటాం, పెట్టెను సీపీయూ అంటాం, ఆ పెట్టెలో నిజంగా సీపీయూ అనే చిప్ ఒకటుందంటే ఆశ్చర్యపోతాం. దసరాకు దానికి కుంకుమ బొట్టు పెడతాం, దాంతో వచ్చిన పుస్తకం మాత్రం ప్లాస్టిక్ కవరు విప్పం. అన్నిటికన్నా ముఖ్యం, చూసినందుకు డబ్బివ్వం. అరగంట కూర్చుని, తీగలు పరీక్షించి, “ఇదిగో ఇది వదులైంది” అని చెప్పిన మనిషికి అయిదొందలు ఇమ్మంటే “ఇంతమాత్రం నొక్కినందుకా?” అంటాం. అదే మూడు గంటలు నీలిరంగు గీత నూటికి నూరు శాతం దాకా పాకడం చూపిస్తే మారుమాట లేకుండా ఇస్తాం. తెలివికి కూలి లేని చోట తతంగానికే కూలి. కంపెనీలూ తక్కువ తినలేదు. కూత కూసే బుల్లి స్పీకరును చాలా క్యాబినెట్ల నుంచి తీసేసి, ఆ చోట రంగురంగుల దీపాలు పెట్టాయి. ఇప్పుడు మిషన్‌కు నోరు లేదు, నగలున్నాయి.

అయినా పూర్తిగా మూగది కాలేదు. ఈమధ్య వచ్చే చాలా బోర్డుల మీద, ఎక్కువగా ఆ 24 పిన్నుల తీగ గుచ్చే చోటు పక్కనే, వరసగా నాలుగు చిన్న దీపాలుంటాయి. సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని వాటి పేర్లు. లేచేటప్పుడు ఒక్కొక్కటే వెలిగి ఆరిపోతాయి, ఎక్కడ ఆగిందో అక్కడి దీపం ఆరదు. బూట్ దీపం వెలుగుతోందంటేనే డిస్క్ గురించి, విండోస్ గురించి మాట్లాడాలి, అదీ డిస్క్ సరిగా గుచ్చారో లేదో చూశాక. మిగతా మూడింట్లో ఏది వెలుగుతున్నా పెన్‌డ్రైవ్‌ను జేబులోనే ఉంచమనాలి. కాబట్టి ఈసారి ఎవరైనా వచ్చి ఫార్మాట్ అనగానే ఒక్క ప్రశ్న అడగండి: “ఏ దీపం వెలుగుతోంది బాబూ?” అద్దంలోంచి కనబడకపోతే పెట్టె తలుపు తీయకుండా జవాబు తెలియదు. ఆ తలుపుకు వెనకవైపు సాధారణంగా ఉండేవి రెండు స్క్రూలు. చాలావాటికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.