అలవాటు సిద్ధాంతం

ప్రతి ఏటా ఏప్రిల్ రెండో వారం నాటికి తెలుగు నేల మీద ఒక సిద్ధాంతం చిగురిస్తుంది. "మనవాళ్ళకు ఎండ అలవాటే" అన్న మూడు మాటల్లో ఇమిడిపోయే ఈ ప్రతిపాదనను సౌలభ్యం కోసం అలవాటు సిద్ధాంతం అని వ్యవహరించవచ్చు. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వంటి ఊళ్ళలో పుట్టి పెరిగినవారి దేహాలు తరతరాలుగా కాగి కాగి గట్టిపడ్డాయనీ, కనుక ఎండను తిట్టుకుంటూ నీడ వెతుక్కునేవాడు ఆ వంశానికి తలవంపులు తెచ్చే సుకుమారుడనీ ఈ సిద్ధాంతం సారాంశం. దీనికున్న విశిష్ట లక్షణం ఏమిటంటే, దీన్ని ప్రవచించేవారు ప్రవచించే వేళ తప్పనిసరిగా ఏదో ఒక కప్పు కింద ఉంటారు. మిట్టమధ్యాహ్నం గడ్డపార చేతబట్టి, నడినెత్తిన సూర్యుణ్ణి పెట్టుకుని దీన్ని సమర్థించిన పండితుడు ఇంతవరకు ఎవరికీ తారసపడలేదు.

సిద్ధాంతంలో రవ్వంత నిజం లేకపోలేదు. అబద్ధం నిలబడడానికి ఆ మాత్రం ఊతం అవసరమే. రోజూ వేడిలో పనిచేసే మనిషి దేహం వారం నుంచి రెండు వారాల లోపల కొంత సర్దుకుంటుంది. నెత్తురులోని ద్రవభాగం పెరుగుతుంది, చెమట ముందుగానే మొదలై ధారాళంగా పడుతుంది, అందులో కలిసి పోయే ఉప్పు తగ్గుతుంది. దీనినే ఉష్ణానుకూలనం అంటారు, అంటే వేడిని ఎదుర్కోవడానికి దేహం చేసుకునే తాత్కాలిక ఏర్పాటు. తాత్కాలికం అనడమెందుకంటే, ఆ మనిషి కొన్ని వారాలు చల్లని చోట గడిపి వస్తే అది కాస్తా కరిగిపోతుంది; తాత నుంచి మనవడికి సంక్రమించే పిత్రార్జితం కాదది. పైగా దానికొక హద్దు ఉంది. లోపలి వేడిమి 37 డిగ్రీల దరిదాపుల్లోనే ఉండాలన్న నియమాన్ని నార్వేవారి దేహం ఎంత నిక్కచ్చిగా పాటిస్తుందో పల్నాటివారి దేహమూ అంతే నిక్కచ్చిగా పాటిస్తుంది. అది 40 డిగ్రీలు దాటి మతి తప్పే స్థితినే వైద్యులు వడదెబ్బ అంటారు. చుట్టూ ఉన్న గాలి చర్మం కంటే వేడెక్కిన తరువాత దేహానికి మిగిలే దారి చెమట ఆరడం ఒక్కటే కాగా, కోస్తా జిల్లాల్లో గాలిలోని తేమ ఆ దారికీ అడ్డం పడుతుంది. ఎంత ఘనమైన వంశంలో పుట్టిన చెమట అయినా ఆరకపోతే చల్లబరచదు.

ఎండ పట్ల అయిష్టత బలహీనుల లక్షణమని వాదించేవారు తాము నిత్యం ఉటంకించే ఉష్ణోగ్రత ఎక్కడినుంచి వస్తుందో ఒకసారి విచారించడం మంచిది. వాతావరణ కేంద్రాల్లో ఉష్ణమాపకాన్ని ఎండలో పెట్టరు. తెల్లరంగు పూసి, గాలి ఆడేటట్టు నాలుగు వైపులా ఏటవాలు చెక్కపట్టీలు అమర్చిన ఒక పెట్టెను మనిషి ఛాతీ ఎత్తున నిలబెట్టి, సూర్యకిరణం లోపలికి తొంగిచూడకుండా తలుపును ఉత్తరానికి పెట్టి, అందులో దాన్ని కొలువుదీరుస్తారు. దీనికి స్టీవెన్సన్ పెట్టె అని పేరు. పందొమ్మిదో శతాబ్దంలో దీన్ని రూపొందించిన థామస్ స్టీవెన్సన్ సముద్రతీరాల్లో దీపస్తంభాలు కట్టిన స్కాట్లాండ్ ఇంజనీరు, 'ట్రెజర్ ఐలండ్' రాసిన నవలాకారుడికి తండ్రి. కాబట్టి పత్రికలో 45 డిగ్రీలు అని అచ్చయితే అది నీడలోని 45 అని గ్రహించాలి. నీడ బయట నిలబడ్డవాడి మీద, నిర్మలమైన ఆకాశం ఉన్న మధ్యాహ్నం, ఒక్కో చదరపు మీటరుకు ఇంచుమించు వేయి వాట్ల శక్తి, అంటే ఒక ఇస్త్రీపెట్టెను నడిపేంత శక్తి, అదనంగా కురుస్తుంటుంది. కింద నుంచి కాగిన తారు పంపే వేడి వేరు. ఆ లెక్క ఏ పత్రికలోనూ రాదు. గాజుగొట్టానికీ పాదరసానికీ ప్రభుత్వం హక్కుగా కల్పించిన సౌకర్యాన్ని మనిషి కోరుకుంటే మాత్రం సుకుమారం అనిపించుకుంటుంది.

మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలో అంతకు మించో ఎక్కువైతే, లేదా మామూలుతో నిమిత్తం లేకుండా 45 డిగ్రీలు తాకితే, భారత వాతావరణ శాఖ దాన్ని వడగాడ్పుగా పరిగణిస్తుంది. 47 తాకితే తీవ్ర వడగాడ్పు అంటుంది. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారే. అంటే అలవాటు సిద్ధాంతం ప్రకారం ఎట్టి పరిస్థితిలోనూ చనిపోకూడనివారు. సిద్ధాంతానికి విరుద్ధంగా ప్రవర్తించిన ఆ మృతుల గురించి సిద్ధాంతకర్తలు ఇంతవరకు వివరణ ఇవ్వలేదు.

నిజానికి ఎండంటే అందరికీ అయిష్టమే; తేడా ఆ అయిష్టాన్ని ప్రకటించే అధికారం ఎవరికుందన్న దగ్గర వస్తుంది. రాజు తలమీద శ్వేతచ్ఛత్రం పట్టినప్పుడు దాన్ని సుకుమారం అనలేదు, రాజలాంఛనం అన్నారు. తిరువాన్కూరు సంస్థానంలో నిమ్నమని ముద్రవేసిన కులాలవారు గొడుగు పట్టడం చాలాకాలం పాటు నిషిద్ధం. ఎండ వారికి అలవాటే అని అక్కడి పెద్దలు కూడా భావించి ఉండాలి. ఆనాటి శ్వేతచ్ఛత్రానికి ఇప్పటి రూపం సభావేదిక మీది షామియానా. 2023 ఏప్రిల్ 16న నవీ ముంబయి దగ్గరి ఖార్‌ఘర్ మైదానంలో జరిగిన పురస్కార ప్రదానోత్సవంలో లక్షలాది జనం గంటల తరబడి ఆరుబయట కూర్చోగా, ఎండదెబ్బకు పదిమందికి పైగా మరణించారు. వేదికకు మాత్రం పైకప్పు ఉంది. తెలుగు రాష్ట్రాల్లో 2024 మే 13న పోలింగు జరిగింది కనుక అంతకు ముందటి వారాల్లో ఇక్కడి బహిరంగసభల అమరిక ఎలా ఉండిందో వర్ణించనక్కరలేదు. నాయకుడికి కూలరు, జనానికి పార్టీ రంగు కాగితపు టోపీ!

పాలకుడు ఎండను ద్వేషించడమంటూ జరిగితే ఎలా ద్వేషించాలో అశోకుడు రెండువేల రెండువందల ఏళ్ళ కిందటే చూపించాడు. పశువులకూ మనుషులకూ నీడనివ్వడానికి బాటల వెంట మర్రిచెట్లు నాటించినట్టు తన ఏడవ స్తంభశాసనంలో చెక్కించుకున్నాడు. ఈ సంగతి తెలియని బడిపిల్లవాడు ఉండడు. రహదారి ఇంజనీర్లు కూడా ఒకప్పుడు బడిపిల్లలే అయినప్పటికీ, ఆ పాఠంలో చెట్లు నాటించడం వరకే జ్ఞాపకం ఉంచుకుని, దేనికోసం అన్నది వదిలేసినట్టు కనిపిస్తుంది. హైదరాబాదు శివారు నుంచి చేవెళ్ళ మీదుగా మన్నెగూడ దాకా పోయే 46 కిలోమీటర్ల రహదారి విస్తరణకు దాదాపు తొమ్మిది వందల పెద్ద మర్రిచెట్లు అడ్డమని తేలినప్పుడు, ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోరాడవలసి వచ్చింది. ఇటువంటి సందర్భాల్లో వినిపించే పరిష్కారం చెట్టును వేళ్ళతో పెకలించి మరోచోట పాతడం. దానికి ముందు కొమ్మలన్నీ నరికి మొండిమాను మిగులుస్తారు కాబట్టి, చెట్టు బతికినా నీడ బతకదు. అయితే కాగితం మీద చెట్ల సంఖ్య చెక్కుచెదరదు.

నరికినదానికి బదులు నాటే పద్ధతి ఇంకా రసవత్తరంగా ఉంటుంది. కొత్త రోడ్డుకు రెండు పక్కలా కాక నడుమనున్న విభాజకం మీద మొక్కలు పెడతారు. అవి కాగితంపూల పొదలో, అలంకారం కోసం తెచ్చిన తాటిజాతి చెట్లో అయి ఉంటాయి. కొన్నేళ్ళపాటు కోనోకార్పస్ రాజ్యమేలింది. ఆ చెట్టు ఆకుపచ్చగా, త్వరగా, నిటారుగా పెరిగి, ఛాయాచిత్రాల్లో చక్కగా కనబడి, తన కొద్దిపాటి నీడను విభాజకం తాలూకు సిమెంటుకు అంకితం చేస్తుంది. పాదచారి నడిచే అంచున నీడ ఉండదు. బస్సుకోసం నిలబడే చోట ప్రకటన ఫలకం ఉంటుంది, కాగిన ఇనుప బల్ల ఉంటుంది, పడమటి ఎండ నేరుగా ముఖం మీద పడే ఏర్పాటూ ఉంటుంది. పక్కనే పడమటి ముఖంగా గాజు తొడుక్కున్న భవనం ఎండనంతా లోపలికి ఆహ్వానించి, ఆ వేడిని ఏసీ యంత్రాలతో తిరిగి వీధిలోకి ఊది, తాను చల్లగా ఉంటుంది. ఎండంటే ఇంత అసహ్యం ఉన్నవారు ఆ భవనంలో ఉన్నారు కానీ వారిని ఎవరూ సుకుమారులు అనరు. రావిచెట్టు కింది రచ్చబండ మీద ఊరి తగవులన్నీ తీర్చిన పూర్వులకు ఇంత విద్య అబ్బలేదు.

హైదరాబాదులోని కంచ గచ్చిబౌలిలో నాలుగు వందల ఎకరాల పచ్చదనం మీదికి ప్రభుత్వం యంత్రాలను తోలితే 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు కలగజేసుకుని నిలిపివేయించింది. అదే ఏప్రిల్ నెలలో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పులను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు నాలుగు లక్షల రూపాయల పరిహారం ఇస్తామన్నది. పరిహారం ఇవ్వదగినదే, విపత్తుగా గుర్తించడమూ మెచ్చదగినదే; ఒకే ప్రభుత్వం ఒకే నెలలో నీడను యంత్రాలకూ నీడలేనివారిని పరిహారానికీ అప్పగించడంలో ఉన్న పాలనా సామరస్యం మాత్రం అపూర్వం.

ఇక ఏటా వెలువడే వేసవి హెచ్చరికల సంగతి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బయటికి రావద్దనీ, తప్పనిసరైతే నీడపట్టున ఉండాలనీ అవి బోధిస్తాయి. సలహా శాస్త్రీయమైనదే. కానీ ఇంటి గడపకు సరుకు తెచ్చే కుర్రవాడు, కూడలిలో నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబుల్, శ్లాబు పోసే కూలీ, మిర్చికోతకు వెళ్ళిన ఆడమనిషి ఈ సలహాను ఏ పట్టున పాటించాలో అందులో రాయరు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనిచోట తాగునీటితో పాటు పిల్లలకూ విశ్రాంతి వేళలకూ నీడ ఏర్పాటు చేయాలని స్పష్టంగా రాసింది. ఆచరణలో ఆ నీడ చాలాచోట్ల ఒక టార్పాలిన్ ముక్కగా, కొన్నిచోట్ల ఒక ఫొటోగా మిగిలింది. కొన్ని పట్టణాల్లో ఎర్రదీపం దగ్గర వాహనదారుల కోసం ఆకుపచ్చ వలలు కడుతున్నారు, అది మంచి పనే. అయితే ఆ కూడలిలో నలభై ఏళ్ళు నిలిచిన వేపచెట్టు అదే పనిని జీతం లేకుండా చేసేది.

కావున అలవాటు సిద్ధాంతాన్ని నమ్మే అధికారులకూ ప్రజాప్రతినిధులకూ ఒక విన్నపం. వచ్చే రోహిణి కార్తెలో వేసవి సన్నద్ధత మీద జరిపే సమీక్షా సమావేశాన్ని కొత్తగా వెడల్పు చేసిన ఏదైనా రహదారి మీద, కోనోకార్పస్ పక్కన కుర్చీలు వేయించి, షామియానా లేకుండా, సరిగ్గా పన్నెండు నుంచి మూడు వరకు నిర్వహించండి. అప్పటికీ ఎండ మనవాళ్ళకు అలవాటేనని మీరు తీర్మానిస్తే, ఆ తీర్మానాన్ని ప్రజలు మారుమాట లేకుండా ఆమోదిస్తారు.