ఫైలు కదలాలి, పని కదలరాదు: అధికార విభజనకు ఒక కరదీపిక

పటాన్‌చెరు పారిశ్రామికవాడకు చేరువలో, అమీన్‌పూర్ మండలంలో ఉన్న పటేల్‌గూడ నుంచి, కాలువలో నురగ పారుతోందని ఎవరైనా అర్జీ పెట్టుకుంటే, వెంటనే కాలువ దగ్గరికి పరుగెత్తకుండా ముందుగా రాజ్యాంగం ఏడో షెడ్యూలును తెరవడం అనుభవజ్ఞుడైన అధికారి లక్షణం. పార్లమెంటుకూ రాష్ట్ర శాసనసభలకూ మధ్య చట్టాలు చేసే అధికారాన్ని పంచే ఆ షెడ్యూలులో కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఇరువురూ చట్టం చేయదగిన అంశాలతో ఉమ్మడి జాబితా ఉన్నాయి. ఉమ్మడి అంశంపై ఇద్దరి చట్టాలూ పొసగకపోతే 254వ అధికరణం ప్రకారం సాధారణంగా కేంద్ర చట్టమే చెల్లుతుంది.

నీరు రాష్ట్ర జాబితాలో 17వ అంశం గనుక, అర్జీపై ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి రాష్ట్రానికి పంపడం తొలి మెట్టు. అర్జీదారు తిరిగి వచ్చేసరికి రెండో జవాబు సిద్ధంగా ఉండాలి: 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టాన్ని చేసింది పార్లమెంటు. రాష్ట్రాల అంశంలో పార్లమెంటుకు ఏం పని అని అతడు అడిగితే, రెండు లేదా అంతకు మించిన రాష్ట్రాల శాసనసభలు తీర్మానించి కోరినప్పుడు అలా చేయవచ్చనీ, తక్కిన రాష్ట్రాలు ఆ చట్టాన్ని తీర్మానంతో స్వీకరించవచ్చనీ చెప్పే 252వ అధికరణాన్ని నిదానంగా చదివి వినిపించాలి. అలా వచ్చిన చట్టాన్ని రాష్ట్రం తనంతట తాను సవరించలేదన్న సంగతిని మాత్రం తరువాతి వాయిదాకు దాచుకోవడం మంచిది. ఆ చట్టాన్ని క్షేత్రంలో అమలు చేసేది మళ్లీ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలే కాబట్టి, అర్జీ బయలుదేరిన చోటికే క్షేమంగా చేరుతుంది.

ఫిర్యాదు వాసన గురించి అయితే దారి మరింత సుగమం. 1981 నాటి వాయు కాలుష్య చట్టానికి మూలం 1972లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సు. అంతర్జాతీయ నిర్ణయాల అమలుకు, రాష్ట్ర అంశాలతో సహా, చట్టం చేసే అధికారాన్ని 253వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది గనుక, పటేల్‌గూడలో ముక్కుకు సోకిన వాసనను స్వీడన్ దాకా సాగనంపవచ్చు.

ఇన్ని మెట్లూ ఎక్కి దిగిన మొండి అర్జీదారుకు స్థానిక స్వపరిపాలన మిగిలే ఉంది. 1992 నాటి 73, 74వ సవరణలు పంచాయతీల కోసం 29, పట్టణ సంస్థల కోసం 18 అంశాలను షెడ్యూళ్లలో చేర్చాయి. అయితే వాటిపై అధికారాలు శాసనసభ చట్టం చేసి ఇచ్చినంత మేరకే సంక్రమిస్తాయని విడమరచి చెప్పకపోవడమే మర్యాద. ఈలోగా కార్యాలయం బోర్డు మారితే అంతకన్నా భాగ్యం లేదు: పటేల్‌గూడ పంచాయతీ 2024లో అమీన్‌పూర్ మున్సిపాలిటీలోనూ, ఆ మున్సిపాలిటీ 2025 డిసెంబరులో జీహెచ్ఎంసీలోనూ కలిశాయి కాబట్టి, పాత ఇన్‌వార్డు నంబరు పట్టుకుని వచ్చినవాడిని కొత్త అర్జీ పెట్టుకోమనడం పూర్తిగా న్యాయసమ్మతం.

న్యాయస్థానానికి వెళతానని బెదిరించినా కంగారు పడనవసరం లేదు. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టుకు చేరిన కేసు, నష్టపోయిన రైతులకు పరిహారం ఇవ్వాలన్న ఆదేశాలు వెలువడ్డాక కూడా ముగియక, హైకోర్టుకూ, అక్కడినుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కూ ప్రయాణించింది; ఆ ట్రిబ్యునల్ 2010 నాటి కేంద్ర చట్టంతో ఏర్పడింది, దాని ఆదేశాలను క్షేత్రంలో అమలు చేయవలసిన వారిలో రాష్ట్ర మండలి ఒకటి గనుక, ఆ ప్రతిపైనా ‘తగు చర్య నిమిత్తం’ అని రాయడానికి చోటు ఉంటుంది.