సాలూరు బస్సు ఆలస్యంగా వస్తుంది

డ్యూసెల్డార్ఫ్, జర్మనీ

లక్ష్మీసమానురాలైన వదినకి మరిది నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ క్షేమం కాదని నీ వాయిస్ మెసేజ్ వినగానే తెలిసింది కాబట్టి ఉభయకుశలోపరి అని రాయడం లేదు.

నువ్వు అన్నం పెట్టట్లేదని నాన్న వీధి వీధంతా చెబుతున్నాడట. అదీ రెండో పెసరట్టు తిని చెయ్యి కడుక్కుంటూ! పక్కింటావిడ నిజమనుకుని ఉప్మా పట్టుకొచ్చిందట. నువ్వేమో ఎంగిలి కంచం చూపించి, పనమ్మాయి చేత సాక్ష్యం చెప్పించి కేసు గెలిచావు. పావుగంటకి నాన్న మళ్ళీ ఆకలన్నాడు. చూశావా, ఈ కోర్టులో తీర్పు పావుగంట కూడా నిలవదు. ఆయన అబద్ధం ఆడట్లేదు వదినా, తిన్న సంగతి బుర్రలోకి ఎక్కనేలేదు. "ఇందాకే తిన్నారు కదా" అనకు. "వడ్డిస్తున్నా మావయ్యా, ఈలోగా మజ్జిగ తాగండి" అను.

ఇక్కడి వృద్ధాశ్రమంలో నా ఉద్యోగం ఇలా మాట కలపడమే. ఒకావిడ నన్ను తన తమ్ముడనుకుంటుంది. ఆవిడ పాలలా తెలుపు, నేను మన సంత ఎండలో కాలినవాణ్ణి. అయినా ఆవిడకి సందేహం లేదు, నాకూ అభ్యంతరం లేదు. "ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావు?" అని తిడుతుంది. "పనుంది అక్కా" అంటాను. వెంటనే మందు మింగేస్తుంది.

వీధిలోవాళ్ళు నాన్న తీరుని చాదస్తం అంటారు, దిష్టి అంటారు, పూజలు చేసే దిశారిని పిలిపించమంటారు. ఇది మెదడు జబ్బులా ఉంది. డిమెన్షియా అంటారు, అందులో ఎక్కువమందికి వచ్చే రకం అల్జైమర్స్. ఆ పేరు ఈ దేశపు డాక్టరుదే. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రికి అగస్టే అనే 51 ఏళ్ళావిడ వచ్చింది. మీ ఆయన పేరేమిటని అడిగితే తన పేరే చెప్పింది. 1906లో ఆవిడ పోయాక అలోయిస్ అల్జైమర్ ఆవిడ మెదడును పరీక్షించి, టూబింగెన్‌లో పెద్ద పెద్ద డాక్టర్ల సభలో వివరించాడు. ఒక్కరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదట! నీ గోడు వినే నాథుడు లేడని బాధపడకు, ఆయన గోడే ఎవరూ వినలేదు. మన దేశంలో అరవై దాటిన ప్రతి వందమందిలో ఏడుగురికి పైగా, మొత్తం 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. మన ఊరు సెమిలిగుడలో ఇలాంటిల్లు మనదొక్కటే అయ్యుండదు. మిగతావాళ్ళు తలుపులు వేసుకున్నారంతే.

సాయంత్రమయ్యేసరికి నాన్న సంచి సర్దుకుని సాలూరు బస్సుకి బయల్దేరుతున్నాడన్నావు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమయ్యేదాకా మన కొరాపుట్, ఆ సాలూరు రెండూ విశాఖపట్నం జిల్లాలోనే ఉండేవి. నాన్న ఒక్కడే ఆ సరిహద్దు చెరిపేసినట్టున్నాడు! ఇలాంటివాళ్ళని ఆపే ఉపాయం చెప్తా విను. ఈ డ్యూసెల్డార్ఫ్‌లో బెన్‌రాత్ అనే పేట ఉంది. అక్కడ ఒక వృద్ధాశ్రమం ముందు బస్టాపు పెట్టారు. బోర్డుంది, బెంచీ ఉంది, బస్సు మాత్రం రాదు. ఇంటికెళ్తానని లేచినవాళ్ళు అక్కడ కూర్చుంటారు. ఆశ్రమంవాళ్ళొకరు పక్కన చేరి, బస్సు ఆలస్యమట, కాస్త కాఫీ తాగుదామా అంటారు. లోపలికొచ్చేసరికి ప్రయాణం సంగతి మర్చిపోతారు. ఇది మోసమని తప్పుపట్టినవాళ్ళూ ఉన్నారు. మనకి ఆ బోర్డు ఖర్చు కూడా అక్కర్లేదు. ఘాట్‌రోడ్డులో బస్సు ఆలస్యమంటే నమ్మనివాడు కొరాపుట్ జిల్లాలో పుట్టలేదు.

అసలు ఆయనకి కావలసింది బస్సు కాదు, సాలూరులో వాళ్ళమ్మ. "మీ అమ్మగారు చేపలపులుసు ఎలా పెట్టేవారు మావయ్యా?" అని అడుగు. చెప్పి చెప్పి అలిసి సంచి దించుతాడు. ఆవిడ పోయి ఎన్నేళ్ళయిందో మాత్రం గుర్తు చెయ్యకు. విన్న ప్రతిసారీ ఆయనకి ఆవిడ అప్పుడే పోయినట్టు. చీకటి పడకముందే లైట్లు వేసెయ్. పొద్దుగూకే వేళ వీళ్ళకి కంగారెక్కువ.

నువ్వు డబ్బు కాజేశావన్నాడా? నేను దొంగని కానని ఏడవకు, ఆయనతో కలిసి వెతుకు. పోయినసారి బియ్యం డబ్బాలో దొరికినవి 2016లో రద్దయిన నోట్లే కదా, ఆ నోట్లకి నువ్వు మాట పడ్డావు! నాన్నవి కొట్టు నడిపిన చేతులు, ఊరుకోలేవు. చిల్లర లెక్కపెట్టమను, కందిపప్పు ఏరమను. లెక్క తప్పితే తప్పనీ, మనకేం ఆడిట్ ఉందా?

ఒడియా మర్చిపోయి పనమ్మాయితో తెలుగే మాట్లాడుతున్నాడన్నావు. ఇక్కడా అంతే. 1961 తర్వాత ఫ్యాక్టరీ పనులకని వచ్చిన తుర్కీవాళ్ళలో ఈ జబ్బొచ్చినవాళ్ళు కొందరు జర్మన్ మర్చిపోయి తుర్కీ భాషకే తిరిగిపోతారు. పనమ్మాయికి నాలుగు తెలుగు ముక్కలు నేర్పు: నీళ్ళు, అన్నం, నొప్పి, బాత్రూమ్. నాన్న చొక్కా జేబులో ఫోన్ నంబరు పెట్టు, అదీ ఒడియాలో. బస్టాండులో కండక్టర్లకి, సంతలో తెలిసినవాళ్ళకి ఆయన ఫొటో చూపించి ఉంచు. హైవే మీద లారీలకి ఆయన సంగతి తెలీదు.

ముందు డాక్టరుకి చూపించండి, కొరాపుట్ మెడికల్ కాలేజీలోగానీ విశాఖ కేజీహెచ్‌లోగానీ. థైరాయిడ్ లోపం, బి12 తగ్గడం, దిగులు, కొన్ని మాత్రలు కూడా మతిమరుపు తెస్తాయి. వాటికి వైద్యముంది. చెవులు కూడా పరీక్షించండి, మాట వినపడక తికమకపడేవాళ్ళూ ఉంటారు. అల్జైమర్సే అయితే పూర్తిగా నయం చేసే మందు లేదు. డొనెపెజిల్ లాంటివి కొందరికి కొంతకాలం ఊతమిస్తాయి. ఉన్నట్టుండి ఒక్కరోజులో మనిషి మారిపోతే మాత్రం జబ్బు ముదిరిందనుకుని ఊరుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆరోజే చూపించాలి. నీ మనసు బాగోకపోతే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, ఉచితం, రాత్రయినా పలుకుతారు.

ఇక్కడినుంచి అన్నయ్య పైకి చదవాలి. అన్నయ్యా, నేను ఈ పనికి జీతం తీసుకుంటాను. ఎనిమిది గంటలు కాగానే ఇంకొకరు వచ్చి డ్యూటీ అందుకుంటారు. సెలవులున్నాయి, జ్వరమొస్తే మానేస్తాను. వదినకి ఇవేవీ లేవు, పైగా వీధిలో దొంగ అనే పేరు. నువ్వు ఫ్యాక్టరీలో షిఫ్టు దాటి పది నిమిషాలుంటే ఓవర్‌టైమ్ అడుగుతావు. ఆదివారాలు నాన్న స్నానం, తిండి, సాలూరు బస్సు, అన్నీ నీవి. నెలకోసారి వదిన బొబ్బిలిలో పుట్టింటికి వెళ్ళి రెండు రోజులు కడుపునిండా నిద్రపోవాలి. ఆ రెండు రోజులు మనిషిని పెట్టుకోవడానికి డబ్బు నేను పంపుతాను. నాన్నని చూసుకునే మనిషి పడకేస్తే ఆయన్ని ఏ డాక్టరూ కాపాడలేడు.

ఇట్లు,
మీ మరిది