మేడ మీద గది

శ్రీకాకుళంలో స్టూడియో అపార్ట్‌మెంట్ అద్దెకు కలదు.

మేడ మీద ఒక గది, మూల పొయ్యి, పొయ్యికి ఆనుకుని బాత్రూము. అదీ స్టూడియో.

అరసవల్లిలో సూర్యకిరణాలు ఏడాదికి రెండు విడతలు, మార్చిలోనూ అక్టోబరులోనూ, స్వామి పాదాలు తాకుతాయి. ఈ గదికి ఆ రెండు విడతలూ లేవు.

జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం. గదిలో మాత్రం చేపల పులుసు నిషేధం. (ఆదివారం కింద ఓనరు గారింట్లో చందువా వేపుడు. ఆ వాసన మేడెక్కితే అభ్యంతరం లేదు.)

బ్రహ్మచారులకు ఇవ్వరు. పెళ్లయినవాళ్లు పట్టరు.

“ఏటి బాబూ, మీరేటోళ్లు?” ఇది మొదటి ప్రశ్న. పేరు తర్వాత అడుగుతారు.

ఇంటి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం. ఓనరు గారు అడిగింది ఆరు నెలలది. ఢిల్లీలో రైలెక్కిన చట్టం ఆమదాలవలసలో దిగడం మరిచినట్టుంది.

బోరు నీళ్లు ఉదయం ఒక గంట. అతిథులు రాత్రి తొమ్మిది లోపు. మేకు కొడితే జరిమానా.

ఇవన్నీ అగ్రిమెంటులో ఉన్నాయి. ఏటా అద్దె పెంపు ఒక్కటే రాయలేదు. అది రాయకుండానే అమలవుతుంది.