ప్రహరీ దగ్గర ఆగిపోయే కాలుష్యం

పర్యావరణ నివేదికల్లో కాలుష్యానికి ఉన్న క్రమశిక్షణ మన పిల్లలకు ఉంటే ఎంత బాగుండు! రంగుల పటంలో ఎర్రగా బయల్దేరి, పసుపులోకి దిగి, సరిగ్గా ఫ్యాక్టరీ ప్రహరీ దగ్గరికొచ్చేసరికి నీలమైపోతుంది. ఇరవై ఏళ్ళ తర్వాత చూసినా అక్కడే ఉంటుందట. ప్రహరీని మూడడుగులు రోడ్డు మీదికి జరిపి కట్టే వనస్థలిపురంలో గోడను ఇంతగా గౌరవించేది ఇదొక్కటే.

ఆ పటాలు గీసే కంప్యూటరు మోడళ్ళది తప్పు కాదు. 1856లో హెన్రీ డార్సీ ఇసుక గొట్టంలో నీళ్ళు వదిలి తేల్చిన సూత్రం ఇప్పటికీ చెల్లుతోంది. దాని మీద కట్టిన మాడ్‌ఫ్లో నీటిని నడిపిస్తుంది, ఎంటీత్రీడీ ఆ నీటితోపాటు విషాన్ని నడిపిస్తుంది. మన ఉప్పల్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు భూగర్భజలాలకు ఇలాంటి లెక్కలు కట్టినవాళ్ళే. కిటుకంతా ఒక అంకెలో ఉంది. విషం మట్టిని ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే గుణకం. కేడీ అంటారు (పేరు పెట్టినవాడు మన ఊరివాడే అయ్యుండాలి). అది ఎంత పెద్దదైతే విషం అంత నెమ్మదిస్తుంది, కన్సల్టెంటు బిల్లు అంత తొందరగా పాసవుతుంది.

సీసం మట్టిని పట్టుకుని కూర్చునే రకమే. క్లోరైడు, నైట్రేటు అలా కాదు, నీళ్ళెటు పోతే అటే. జవహర్‌నగర్‌కు మళ్ళకముందు ఊరి చెత్త పోసిన మన ఆటోనగర్ డంపింగ్ యార్డులాంటి చోట ఊరే రసంలో రెండు రకాలూ ఉంటాయి. నివేదికలో మాత్రం అన్నిటికీ కలిపి ఒకటే కేడీ. అదీ ఏ దేశపు ఇసుకనో సీసాలో కుదిపి తేల్చింది.

మన కింద ఇసుక ఎక్కడుంది? పైన మొరం, దాని కింద పగుళ్ళ రాయి, ఆ కింద గట్టి గ్రానైటు. మహేశ్వరంలో ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రెంచివాళ్ళు కలిసి బోర్లు వేసి ఏళ్ళ తరబడి చూసింది ఇదే. పగుల్లో పడ్డ విషానికి అంటుకోవడానికి మట్టే దొరకదు, దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో బైకులా దూసుకుపోతుంది.

అంటుకునేది మాత్రం ఆగుతుందా? సిప్రోఫ్లాక్సాసిన్ మట్టిని గట్టిగా పట్టే మందు. మందుల ఫ్యాక్టరీల మురుగు చేరే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం బయటికి వదిలే నీటిలో, శుద్ధి అయ్యాకే సుమా, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. 2009లో చుట్టుపక్కల ఊళ్ళ బావుల్లోనూ సిప్రో, తోడుగా సెటిరిజిన్. జలుబు ఉన్నా లేకున్నా బిందెకు ఇంత, చీటీ అక్కర్లేదు. పటాన్‌చెరు కాలుష్యంపై సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది 1990లో. ఆ కేసు కేడీని ఎవరూ కొలవలేదు.

ఇక మన కాలనీ సంగతి. అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడ్డ చోట బోరు బండి ఆగుతుంది. రాతిపొడి లేచి పక్కింటి దండెం మీది బట్టలన్నీ తెల్లబడతాయి. మొరం దాటగానే కేసింగ్ ఆపేస్తారు. పైపు చుట్టూ సిమెంటు పోయమంటే, "అదెందుకు సార్, దండగ ఖర్చు" అంటాడు బోరాయన. ఆ సందులోంచి సెప్టిక్ ట్యాంకు నీళ్ళు నేరుగా పగుళ్ళలోకి దిగుతాయి. మోడల్ ఏళ్ళు లెక్కగట్టిన దూరం రాత్రికి రాత్రే పూర్తి. ఎండిన బోరులోకి డాబా మీది వాననీళ్ళతో పాటు అంట్లు తోమిన నీళ్ళూ కలిపి, దానికి ఇంకుడుగుంత అని పేరు పెట్టిన పుణ్యాత్ములూ ఉన్నారు.

నీళ్ళు తేడాగా వస్తే అపార్టుమెంటంతా చందాలేసుకుని ఆర్‌వో పెట్టించుకుంటాం. అది వడకట్టి వదిలేసిన ఉప్పునీళ్ళు ఎటు పోతున్నాయని వాచ్‌మన్‌ను అడిగి చూడండి. బోరు పక్కనున్న గుంత చూపిస్తాడు. "వేస్టుగ పోవద్దని సెక్రటరీ సారే ఈడికి పైపు ఏపిచ్చిండు" అంటాడు.