పెండ్లి అయ్యింది, ఇక పరిచయం కావాలి

వరంగల్‌లో ఒక సంబంధం ఖాయం కావాలంటే తెలుసుకోవాల్సిన సంగతులకు లెక్కలేదు. అబ్బాయి తాతది ఏ ఊరు, ఇంటిపేరు ఏంది, గోత్రం కలవకుండా ఉందా, మేనమామలకు భూమి ఎంత, మొన్నటిదాకా ఎంత ఉండె, ఎందుకు తగ్గింది, డాలస్‌లో ఇల్లు కొన్నాడా, కొంటే లోనెంత. ఇవన్నీ తేలాకే లగ్నపత్రిక రాసుకుంటారు. ఇంత విచారణలోనూ ఎవరికీ అక్కరపడని సంగతి ఒక్కటే: ఆ ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి ఏం తెలుసు? ఈ ప్రశ్న పంతులు అడగడు. ఫంక్షన్ హాలు మేనేజరు అడగడు. మూడు ముళ్లు పడ్డాక అడిగితే బాగుండదు. ఈ లోటు తీర్చడానికే భగవంతుడు అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖను పుట్టించాడు.

మన పేరయ్యలకు ఇప్పుడు జాతక చక్రం కన్నా ఈ శాఖ కాగితాలే బాగా వచ్చు. హెచ్-1బీ అబ్బాయి అంటే సరే చూద్దాం అంటారు. ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే అర్జీ, అప్రూవ్ అయింది అంటే చాయ్‌తో పాటు సమోసా వస్తుంది. గ్రీన్‌కార్డు అంటే లోపలి గదిలో కూర్చోబెడతారు. సిటిజన్ అంటే ఇక గోత్రం కూడా కొంచెం సర్దుకుంటుంది. దీని వెనక పక్కా లెక్క ఉంది. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో మామూలుగా ఏ దేశానికైనా ఏటా 7 శాతం మించి దక్కవు. మనవాళ్ల వరుస చూస్తే తాత దరఖాస్తుకు మనవడు జవాబు అందుకునేలా ఉంది. గ్రీన్‌కార్డు వాడి భార్యకూ కోటా ఉంది, వరుస ఉంది. పౌరుడి భార్యకు మాత్రం కోటా లేదు. ఆమెను 'దగ్గరి బంధువు' అంటారు. పెండ్లయి పది రోజులు, అందులో అబ్బాయి ఆరు రోజులు అత్తగారి చుట్టాల ఇండ్లల్లో భోజనాలకే తిరిగాడు. అయినా దగ్గరి బంధువే.

అయితే ఆ దగ్గరితనాన్ని కాగితం మీద చూపించాలి. భర్త పెట్టే ఐ-130 దరఖాస్తుతో పాటు ఈ పెండ్లి నిజమైనదేనని ఆధారాలు జత చేయాలి. ఇద్దరూ కలిసి ఉన్న ఇంటి కాగితం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, పిల్లల జనన ధ్రువపత్రాలు, కలిసి దిగిన ఫొటోలు, ఎరిగినవాళ్ల ప్రమాణపత్రాలు. మూడు వారాల సెలవులో వచ్చి, చూసి, చేసుకుని, పోయిన అబ్బాయి దగ్గర ఇల్లు లేదు, ఖాతా లేదు, పిల్లల మాట ఇంకా రాలేదు. ఫొటోలు మాత్రం వేలల్లో ఉన్నాయి. ఖిలా వరంగల్ తోరణం కింద ఒకటి, లక్నవరం వేలాడే వంతెన మీద ఒకటి, డ్రోన్ పైనుంచి తీసినవి ఒక మూట. ఇక వేదిక మీద తీసిన ప్రతి ఫొటోలోనూ ఇద్దరి చుట్టూ పదహారు మంది ఉంటారు. అందరూ కెమెరా వైపే చూస్తుంటారు. పెండ్లికొడుకు పెండ్లికూతురి వైపు చూసిన ఫొటో ఒక్కటే దొరికింది. అందులో ఆమె కండ్లకు అడ్డంగా తలంబ్రాలు ఉన్నాయి.

పెండ్లి సర్టిఫికెట్ సంగతి వేరే. పెండ్లిళ్ల రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని ఉమ్మడి రాష్ట్రం 2002లోనే చట్టం చేసింది. ఆ చట్టం ఉందని మనకు వీసా దరఖాస్తు నింపే రాత్రే తెలుస్తుంది. మర్నాడు లగ్నపత్రిక, ఫొటో, సాక్షులను వెంటేసుకుని సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు ఉరుకుడు. వెయ్యి మందికి పైగా వచ్చి, తిని, చదివింపుల కవర్లు ఇచ్చిపోయిన పెండ్లికి సాక్షి సంతకం పెట్టడానికి ముగ్గురు దొరకరు.

ప్రమాణపత్రాల పని ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. మా వీధిలో ఒక పెద్దమనిషిని అడిగారు. "ఈ దంపతులు నాకు ఎట్లా తెలుసు, వీరి వివాహం నిజమైనదని నేను ఎందుకు నమ్ముతున్నాను" అని రాయాలి. ఆయన కలం తీసి చాలాసేపు ఆలోచించాడు. 

"పిల్ల తండ్రి నాకు చిన్నప్పటి సంది ఎర్క. పిలగాని తండ్రి ఎర్క. పిలగాడు కూడా చిన్నప్పుడు ఎర్కనే. మరి ఈళ్లిద్దరు ఒకరికొకరు ఎర్కనో లేదో నేనెట్ల రాయాలె?"

"మీరు పెండ్లికి వచ్చిన్రు కద మామా, గదే రాయండ్రి."

"రాస్త. దావత్ల మటన్ మంచిగుండె. గది సుత రాయన్నా?"

రాయాల్సిందే. ఆ కాగితంలో అంతకు మించిన ప్రత్యక్ష సాక్ష్యం లేదు.

నన్నడిగితే ఈ వ్యవహారంలో అసలు సొగసంతా వాట్సాప్ దగ్గర ఉంది. ఇక్కడ ప్రేమించి పెండ్లి చేసుకునే పిల్లను ముందుగా పట్టించేది ఫోను. నాన్న చేతికి దొరక్కుండా మెసేజీలు తుడిచేస్తుంది, తాళం మారుస్తుంది, అబ్బాయి పేరును 'కెమిస్ట్రీ ల్యాబ్' అని దాచుకుంటుంది. అట్లాంటి జంట ఇక్కడ ప్రాణరక్షణ కోసం పోలీసు స్టేషన్‌కు పోవాలి. అదే జంట ఇమ్మిగ్రేషన్ అధికారి ముందు నిలబడితే ఆయన మొహం వికసిస్తుంది: ఎప్పుడు కలిశారు, ఎక్కడ కలిశారు, ఎవరు ముందు చెప్పారు, అన్నింటికీ జవాబులున్నాయి. పెద్దలు కుదిర్చిన జంటకు ఇక్కడ అక్షింతలు, అక్కడ అనుమానం. "మీరు మొదట ఎలా కలిశారు?" అంటే నిజాయితీగా చెప్పాల్సిన జవాబు, "మేం కలవలేదు సార్, మా మేనమామలు కలిశారు" అని.

అందుకని నిశ్చితార్థమైన మర్నాటి నుంచి అబ్బాయి, అమ్మాయి చాటింగు చేయడం ఇప్పుడు కుటుంబ బాధ్యత. సాక్ష్యం తయారు కావాలి. ఒకప్పుడు కూతురి ఫోను లాక్కున్న తండ్రే ఇప్పుడు హన్మకొండ చౌరస్తా జిరాక్స్ సెంటర్‌లో నిలబడి ఆ సంభాషణ మొత్తం ప్రింటు తీయిస్తాడు, పేజీ నంబర్లు వేయిస్తాడు, స్పైరల్ బైండింగ్ చేయిస్తాడు. "తిన్నావా?" "తిన్న. నువ్వు?" "తిన్న." "ఏం తిన్నవ్?" "పప్పు." ఇట్లా నాలుగు నెలలు. చదివిన ఏ అధికారికైనా ఇది మోసపు పెండ్లి కాదని ఇట్టే తెలిసిపోతుంది. మోసం చేసేవాడు ఇంకొంచెం ఆసక్తికరంగా రాస్తాడు.

అమెరికాలో ఉండి దరఖాస్తు పెట్టిన జంట మీద అనుమానం ముదిరితే భార్యాభర్తలను విడివిడిగా కూర్చోబెట్టి ఒకే ప్రశ్నలు అడుగుతారు. మంచానికి ఏ పక్క ఎవరు పడుకుంటారు, పొద్దున ముందు లేచేదెవరు, వంటింటి కిటికీకి తెర ఉందా. రెండు జవాబు పత్రాలనూ పక్కపక్కన పెట్టి దిద్దుతారు. హన్మకొండ నయీంనగర్‌లో ఇంత కోచింగ్ అనుభవం ఉండి కూడా ఈ పరీక్షకు ఎవరూ బ్యాచ్ మొదలుపెట్టకపోవడం నాకు ఆశ్చర్యం. వీకెండ్ మాక్ టెస్టులు, భర్తకు నెగటివ్ మార్కులు, భార్యకు ర్యాంకు ఫ్లెక్సీ. నలభై ఏండ్లు కాపురం చేసిన మా బంధువొకాయన్ను కూర్చోబెట్టి ఇవే ప్రశ్నలు అడిగి చూశాను. భార్య పుట్టినరోజు తెలియదు. ఆమె చాయ్‌లో చక్కెర వేసుకుంటుందో లేదో తెలియదు. వంటింటికి కిటికీ ఉందన్న సంగతి కూడా తెలియదు. ఆయనది ఫేక్ మ్యారేజ్ అని తేల్చి పంపించాలి. కానీ ఎక్కడికి?

ఇక్కడి నుంచి పోయే పిల్లకు ఐ-130 గండం దాటాక డీఎస్-260 అనే ఇంకో ఫారం ఎదురొస్తుంది. పదహారో ఏట నుంచి ఉన్న చిరునామాలన్నీ, ఎప్పటినుంచి ఎప్పటివరకో సహా రాయమంటుంది అది. సుబేదారిలో పుట్టి, సుబేదారిలో పెరిగి, ఆ ఇంట్లోంచే అత్తారింటికి బయల్దేరబోతున్న పిల్లకు ఇది ఒక్క గీతలో అయిపోవాలి. అవదు. ఆమె పదో తరగతి మెమోలో ఇల్లు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. 2014 జూన్ 2న ఆ ఇల్లు తెలంగాణకు వచ్చింది. 2016 దసరా నాడు వరంగల్ అర్బన్ జిల్లాకు మారింది. 2021 ఆగస్టులో హనుమకొండ జిల్లా అయింది. ఆ ఊరి పేరును ఒక కాగితంలో హన్మకొండ అని, ఇంకోదాంట్లో హనంకొండ అని, మూడోదాంట్లో హనుమకొండ అని రాశారు. ఇంట్లో బీరువా కూడా జరగలేదు, పిల్ల మాత్రం రెండు రాష్ట్రాలు, మూడు జిల్లాలు తిరిగిన దేశదిమ్మరిలా కనిపిస్తుంది. పేరు మరో కథ. ఇంటిపేరు ముందుండే మనవాళ్లను, వెనకుండాలనే దేశానికి పంపేటప్పుడు ఎవరో ఒకరు మధ్యలో తారుమారవుతారు. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉంటే వీసా మీద మొదటి పేరు తెలియదు అని అచ్చువేసి ఇస్తారు. పదహారు మంది ముత్తయిదువల ముందు పెట్టిన పేరు అది.

ఇక ముంబై. నానక్‌రామ్‌గూడలో 2023 నుంచి అంత పెద్ద అమెరికా కాన్సులేటు ఉన్నా, ఈ శాశ్వత నివాసపు వీసా ఇంటర్వ్యూకు మన పిల్ల ముంబై పోవాలి. కాజీపేటలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చాలు. వెంట తండ్రి, మేనమామ, స్పైరల్ బైండింగు, పులిహోర.

అల్లుడి వైపు కాగితాల్లో నాకు బాగా నచ్చింది ఐ-864. భార్య ఆ దేశపు సర్కారు మీద భారం కాకుండా నేను పోషిస్తాను, నా ఆదాయం పేదరికపు గీత మీద కనీసం 125 శాతం ఉంది అని భర్త సంతకం చేస్తాడు. మన పెండ్లిలోనూ ఇదే మాట ఉంది. పంతులు 'నాతిచరామి' అనిపిస్తాడు. పెండ్లికొడుకు అర్థం తెలియకుండానే అనేసి ఫొటోగ్రాఫర్ వైపు చూస్తాడు. తేడా ఎక్కడంటే, ఐ-864 విడాకులైనా రద్దు కాదు. ఆమె పౌరురాలు అయ్యేదాకానో, సుమారు పదేండ్ల పని లెక్కకు వచ్చేదాకానో అది ఆయన మెడలోనే ఉంటుంది. కట్నం లెక్క మాట్లాడుకునేటప్పుడు గంటలకొద్దీ బేరమాడిన వియ్యంకులు ఈ కాగితాన్ని ఒక్కసారి కూడా చదవరు. చదివితే పెండ్లిలో తాళి ఎవరు ఎవరికి కట్టాలన్న చర్చ మొదలవుతుంది.

ఇంత చేసినా వచ్చేది పూర్తి కార్డు కాదు. ఆ దేశంలో అడుగుపెట్టేనాటికి పెండ్లయి రెండేండ్లు నిండకపోతే షరతులతో రెండేండ్ల కార్డు ఇస్తారు. దొంగపెండ్లిళ్లు పెరిగాయని 1986లో చేసిన చట్టం ఇది. గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751 పెట్టి, "మేమింకా కలిసే ఉన్నాం" అని చెప్పాలి. దీనికి 2024 ఏప్రిల్ నుంచి 750 డాలర్లు. కొట్లాడుకోకుండా రెండేండ్లు గడిపినందుకు బహుమతి ఇవ్వాల్సింది పోయి రుసుము తీసుకుంటారు. ఈ పద్ధతిని అమెరికా కనిపెట్టిందని అనుకుంటే పొరపాటు. చిలుకూరు బాలాజీ గుడిలో ఎప్పటినుంచో ఉంది: కోరుకున్నప్పుడు 11 ప్రదక్షిణలు, పని అయ్యాక 108.

ఇప్పుడు కథను తిప్పి చూద్దాం, మన దొడ్డి కూడా కనబడాలి కదా. హన్మకొండ అబ్బాయి జర్మనీలో చదువుకుని అక్కడి అమ్మాయిని తెచ్చుకున్నాడనుకోండి. ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఆఫీసులో దాన్ని అందరికీ కనబడేలా అంటిస్తారు, అభ్యంతరాలుంటే చెప్పమంటారు. అభ్యంతరాలు చెప్పడంలో మా ఊరివాళ్లకు నోటీసు అక్కర్లేదు. వయసు చాలకపోవడం, మరో భార్యో భర్తో బతికి ఉండటం, వరుస కుదరకపోవడం లాంటి కొన్నింటినే చట్టం ఒప్పుకుంటుంది. పిల్ల పచ్చిపులుసు తాగలేకపోయింది అన్నది అందులో లేదు. అయినా రాసి ఇచ్చేవాళ్లు ఉంటారు.

పౌరుడి భార్యకని మన దేశంలో గ్రీన్‌కార్డు లాంటిది లేదు. వీసా మీద ఉండాలి, విదేశీయుల నమోదు ఆఫీసు చుట్టూ తిరగాలి. పెండ్లి రిజిస్టరై, రెండేండ్లు తెగకుండా నిలిస్తే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, దానికి ముందు భద్రతా విచారణ. కోడలి గురించి గూఢచారి సంస్థలు తెలుసుకునే సంగతులు ఎదురింటి అత్తమ్మకు ఏడాది ముందే తెలుసు, కానీ ఆమె రిపోర్టు చెల్లదు. విడాకులైతే ఆ కార్డు రద్దు చేయొచ్చని 2015లో సవరణ తెచ్చారు. పౌరసత్వమే కావాలంటే ఏడేండ్లు ఇక్కడ నివాసం ఉండాలి. నివాసం మాటకొస్తే మన పక్కనే వేములవాడ ఉంది. అక్కడి మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్ గారికి 2009లో భారత పౌరసత్వం వచ్చింది. దరఖాస్తుకు ముందు ఏడాదిపాటు ఆయన ఇక్కడే ఉన్నారా అన్న కేసు సాగుతుండగానే మళ్లీ మళ్లీ ఎమ్మెల్యేగా గెలిచారు. ఆయన జర్మన్ పౌరుడేనని హైకోర్టు 2024 డిసెంబరులో తేల్చి 30 లక్షలు కట్టమంది. శాసనసభలో కూర్చోవడానికి పట్టనంత పరీక్ష మన జర్మన్ కోడలికి సిమ్ కార్డు దగ్గరే మొదలవుతుంది. తండ్రి పేరు గడిలో తండ్రి పేరు రాసింది, భర్త పేరు ఎందుకు రాయలేదని వెనక్కి పంపారు.

ఇంతా అయి రెండేండ్లకు ఓసీఐ వచ్చింది. మామగారికి కోడలంటే ముచ్చట. ఆత్మకూరు దగ్గరున్న రెండెకరాలు కొడుకు పేరు మీద కాకుండా కోడలి పేరు మీద రాస్తానన్నాడు. లాయరు తల అడ్డంగా ఊపాడు: ఓసీఐ ఉన్నవాళ్లు వ్యవసాయ భూమి కొనడానికి లేదు, రాయించుకోవడానికి లేదు. ఆ మాట విని, పెండ్లయిన నాటి నుంచి కేంద్ర ప్రభుత్వాన్ని తిడుతున్న అత్తగారు లోపలికి పోయి లాయరుకు కాఫీ పెట్టింది.